ఎడమకు గుంజే కారు

మా మామకు, అంటే మా ఆయన వాళ్ళ నాన్నకు, ఒక పాత అంబాసిడర్ కారు ఉండేది. బ్రేకు తొక్కితే అది ఎడమకు గుంజేది. ఈ సంగతి ఇంట్లో వాళ్ళకే కాదు, కామారెడ్డిలో మా వాడకట్టంతటికీ తెలుసు. కారు సందు మలుపు తిరిగిన చప్పుడు వినపడితే చాలు, మాకు ఎడమ పక్కన ఉండేవాళ్ళు గోడకు ఆనించిన సైకిలును గబగబా లోపలికి తీసుకుపోయేవారు. మామ మాత్రం దాన్ని లోపమని ఏనాడూ ఒప్పుకోలేదు. గుణం అనేవాడు. మనిషికి గుణం ఉన్నట్టే బండికీ ఉంటుందట. ఉంటుంది, కాదనను. నాకూ ఉంది. కోపమొస్తే గిన్నెలు గట్టిగా పెడతాను. కానీ నా గుణం వల్ల ఎవరూ మోరీ కాల్వలో పడలేదు.

మామ దోమకొండలో ఒక పెద్దింటివాళ్ళ దగ్గర డ్రైవరుగా చేశాడు. ఆ కారు వాళ్ళదే. వాళ్ళు హైదరాబాదుకు మారిపోతూ కొత్త కారు కొనుక్కుని, పాతదాన్ని ఆయన చేతిలో పెట్టారు. ఆ తర్వాత దాన్నే కిరాయికి తిప్పి ఇల్లు కట్టాడు, కొడుకును చదివించాడు. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా ఆ తోవలో ఆ కారు పెళ్ళికొడుకులను మోసింది, పురుటి నొప్పులు పడుతున్న ఆడవాళ్ళను మోసింది. నేను కాపురానికి వచ్చిన కొన్నేళ్ళకు ఆయన కంటికి ఆపరేషన్ అయింది, కుడి మోకాలు వంగనని మొండికేసింది. డాక్టరు ఇక బండి నడపొద్దన్నాడు. కారు రేకుల షెడ్డు కిందికి పోయింది. ఆదివారం పొద్దున దాన్ని కడిగి, ఇంజన్ స్టార్టు చేసి, కాసేపు అందులో కూర్చుని దిగేవాడు.

నాకేమో ఎల్లారెడ్డి బడిలో పంతులమ్మ ఉద్యోగం. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం జోరు మీదున్న ఏళ్ళవి. బంద్ అంటే బస్సు లేదు, రాస్తారోకో అంటే ఉన్న బస్సు కదలదు. దానికి నేనేమీ అనను, నేనూ జెండా పట్టుకుని రోడ్డు మీద నిలబడినదాన్నే. కానీ ఏ గొడవా లేని రోజున కూడా బస్సు రాకపోతే ఎవరిని తిట్టాలి? ఆటోలో డ్రైవరు పక్కన సగం లోపల, సగం బయట వేలాడుతూ బడికి చేరేసరికి ప్రార్థన అయిపోయేది. పెద్దసారు గడియారం చూసేవాడు, నన్ను చూసేవాడు, ఏమీ అనేవాడు కాదు. అనకపోవడమే నాకు ఎక్కువ మండేది. పెళ్ళికి ముందే డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు తీసుకున్నాను. చేతిలో లైసెన్సు, ఇంట్లో కారు పెట్టుకుని నేనెందుకు వేలాడాలి? ఆ కారు నా చేతికి రావాలి. నాకు కావలసింది అంతే.

మామ మొదట్లో సంతోషంగానే ఒప్పుకున్నాడు. సాయంత్రాలు నన్ను ఎల్లారెడ్డి రోడ్డు మీదికి తీసుకుపోయి, పక్క సీట్లో కూర్చుని నేర్పేవాడు. మా ఆయనకు నిజామాబాద్‌లో ఉద్యోగం. రాత్రి ఇంటికొచ్చి, ఇవాళ ఎట్లా నడిచింది అని ఇద్దరినీ విడివిడిగా అడిగి, ఇద్దరి మాటకూ తల ఊపేవాడు. గోడమీది పిల్లి అంటే ఎట్లా ఉంటుందో పిల్లలకు పాఠంలో చెప్పాల్సి వచ్చినప్పుడు నాకు ఎప్పుడూ ఇబ్బంది కాలేదు.

మామ పాఠం ఒక్కటే. బ్రేకు మీద కాలు పడ్డప్పుడే స్టీరింగును కుడికి రెండు వేళ్ళంత తిప్పి పట్టుకోవాలి. బండి ఎడమకు పోదామని చూస్తుంది, చెయ్యి కుడికి లాగుతుంది, రెండూ కలిసి తిన్నగా ఆగుతుంది. ఇదేదో బాగానే ఉందని నేర్చుకున్నాను. పది రోజులకు అలవాటు కూడా అయింది. తీరా చూస్తే అది మొదటి పాఠమేనట. వాన పడితే మూడు వేళ్ళు. దిగుడు మీద ఒకటే. వెనక సీటు నిండా మనుషులుంటే అసలు తిప్పొద్దు. వాగు దాటి చక్రం తడిస్తే ఎంతో అప్పుడు చూసి చెప్తానన్నాడు. ఈ ఎక్కం ఏ పుస్తకంలోనూ లేదు, ఆయన చేతిలో ఉంది. ఆయన చెయ్యి పక్కన లేకపోతే నేను కారు నడపలేను. అది నాకు కొంచెం ఆలస్యంగా అర్థమైంది.

వానాకాలం సగం గడిచాక ఒక రోజు లింగంపేట ఇవతల దిగుడులో రోడ్డుకు అడ్డంగా బర్రె వచ్చింది. వాన పడుతోంది, అంటే మూడు. దిగుడు, అంటే ఒకటి. రెండూ కలిస్తే ఎంత? నేను లెక్క చూసుకునేలోపు కారు ఎడమకు పోయి రోడ్డు పక్కన బురదలో దిగబడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. బర్రె కూడా మమ్మల్ని ఒకసారి చూసి తన దారిన తను పోయింది. ట్రాక్టరు వచ్చి గుంజితే కారు బయటపడింది. మామ నన్ను పక్క సీటుకు మార్చి, డాక్టరు మాట పక్కనపెట్టి, మోకాలు పట్టుకుంటూ తానే ఇంటిదాకా నడిపాడు. ఇంటికొచ్చాక తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

“ఇది నీ చేతికి రాదు బిడ్డా. నా చెయ్యి వడ్డ బండి ఇది” అన్నాడు.

ఆ మాటలో చిరాకు లేదు. ఉంటే నాకు అంత కోపం వచ్చేది కాదేమో. ఆ గొంతులో గర్వం ఉంది. కోడలు బురదలో పడ్డందుకు బాధ కంటే, తాను తప్ప దాన్ని ఎవరూ ఏలలేరన్న తృప్తి ఎక్కువ కనిపించింది. బండిని మనిషికి తగ్గట్టు చేయాలా, మనిషి బండికి తగ్గట్టు కావాలా అని అడిగేశాను. ఆయన జేబులో తాళంచెవి తడుముకుని లోపలికి పోయాడు. ఆ రాత్రి గిన్నెలు చాలా గట్టిగా పెట్టాను.

మాకు ఎప్పుడూ పనిచేసే మెకానిక్‌కు నిజామాబాద్ రోడ్డులో షెడ్డు ఉండేది. అతణ్ణి అడిగితే, లోపలి బ్రేకు లైనర్లు ఎన్నిసార్లు మార్చినా ఈ పీడ పోదన్నాడు. ముందు చక్రాల డ్రమ్ములు రెండూ అరిగిపోయి ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి. వాటిని తీసేసి డిస్కు బ్రేకులు ఎక్కిస్తే కారు తిన్నగా ఆగుతుంది. తర్వాత వచ్చిన అంబాసిడర్లకు కంపెనీ నుంచే డిస్కులు వచ్చాయి, హైదరాబాద్‌లో పాత సామాన్ల అంగళ్ళలో ఆ సెట్టు దొరుకుతుంది. నాకు తేడా ఏమిటో అర్థమయ్యేలా చెప్పాడు. డ్రమ్ము అంటే బోర్లించిన గిన్నె లాంటిది, లోపలున్న షూలు విచ్చుకుని గిన్నె గోడను ఒత్తితే చక్రం ఆగుతుంది. బ్రేకు పని అంతా గిన్నె లోపల జరుగుతుంది, పైకి ఏమీ కనపడదు. డిస్కు అంటే పళ్ళెం. దాన్ని రెండు ప్యాడ్లు పట్టకారులా చెరో పక్క నుంచి పట్టుకుంటాయి. అంతా బయటే.

మామ ససేమిరా అన్నాడు. గుణం పోయాక అది తన బండి కాదన్నాడు. మూడు నాలుగు రోజులు ఇంట్లో ఇదే మాట. మా ఆయన వాళ్ళ నాన్న దగ్గర నిజమే అన్నాడు, నా దగ్గర నిజమే అన్నాడు. చివరికి మా అత్తమ్మ ఒకరోజు బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తలెత్తకుండా ఒక మాట అన్నది.

“నీ కాలు నడవది, నీ కన్ను ఆనది. బండి గూడ నీ లెక్కనే మూలకు కూసోవాల్నా?”

ఆ ఇంట్లో మామతో అట్లా మాట్లాడగలిగింది ఆమె ఒక్కతే, అదీ ఏడాదికోసారి. మామ చెప్పులేసుకుని బయటికి పోయాడు. మర్నాడు తాళంచెవి మెకానిక్ చేతిలో పెట్టాడు. తీసిన డ్రమ్ములు మాత్రం పాత ఇనుము వాడికి అమ్మొద్దని చెప్పాడు. అవి ఇంటికొచ్చాయి. అత్తమ్మ ఒకదాన్ని నీళ్ళ గోలెం కింద కుదురులా పెట్టుకుంది. రెండోది ఎందుకూ పనికిరాక మెట్ల కింద పడి ఉండేది.

సామాను రావడానికే నెల పట్టింది. వచ్చింది మొత్తం ఒక సెట్టు కాదు, అక్కడొకటి ఇక్కడొకటి ఏరుకొచ్చినవి. డిస్కులు, వాటిని పట్టే క్యాలిపర్లు, కొత్త ప్యాడ్లు, చక్రాలు బిగించే హబ్బులు, కొత్త పైపులు. డిస్కుకు డ్రమ్ము కంటే ఎక్కువ ఒత్తిడి కావాలట, అందుకని పెడల్ ఒత్తిడిని చక్రాలకు పంపే మాస్టర్ సిలిండర్ మార్చి, కాలికి సాయంగా బూస్టర్ అనే పెద్ద డబ్బా ఇంజన్ పక్కన బిగించారు. పాత డ్రమ్ములు మాత్రం తేలిగ్గా ఊడిరాలేదు. కిరసనాయిలు పోసి, కర్ర అడ్డం పెట్టి సుత్తితో కొడితే నల్లటి దుమ్ముతో ఊడాయి. మామ రోజూ షెడ్డుకు పోయి, పాత టైరు మీద కూర్చుని, ఆ సుత్తి ఎట్లా పట్టుకోవాలో కూడా చెప్పేవాడు. మెకానిక్ మంచివాడు. కాక అని పిలుస్తూ అన్నింటికీ సరే అని, తన పని తాను చేసుకుపోయేవాడు.

బ్రేకు ఆయిలు పైపుల్లో గాలి తీసే రోజు నేనూ పోయాను. ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కాలి, ఒకరు చక్రం దగ్గర చిన్న నట్టు విప్పాలి. మామ మోకాలు ఆ పనికి రాదు. నేను కూర్చున్నాను. మెకానిక్ కింద నుంచి కొట్టు అంటే తొక్కడం, పట్టు అంటే తొక్కి అట్లాగే ఉంచడం. మొదట పెడల్ మెత్తగా, ఎక్కడికో కిందికి పోయేది. నట్టుకు తగిలించిన గొట్టంలోంచి సీసాలోకి బుడగలు వస్తూనే ఉన్నాయి. వచ్చీ వచ్చీ ఆగిపోయాయి. కాలి కింద పెడల్ గట్టిపడింది. అట్లా గట్టిపడ్డప్పుడు నాకు ఎంత ఆనందమైందో చెప్పలేను. అక్కడ ఎవరూ వేళ్ళు లెక్క పెట్టలేదు. తొక్కితే పట్టింది.

అంతలో దసరా వచ్చింది. మెకానిక్ షెడ్డు మూసి సదాశివనగర్ దగ్గర తన ఊరికి పోయాడు. కారు ముందు చక్రాలు లేకుండా, స్టాండ్ల మీద, షెడ్డు ముందరి రేకుల కింద ఆగింది. మా ఇంట్లో పండుగనాడు ఇనుమన్నదానికల్లా పూజ జరగాలి. కత్తిపీట, గొడ్డలి, కుట్టుమిషను, అన్నింటికీ నువ్వుల నూనెలో పసుపు కలిపి రాసి, పైన కుంకుమ బొట్టు పెడతారు. కారుకైతే ఏటా కుడి ముందు చక్రానికి పూజ. ఆ ఏడు కారు ఇంట్లో లేదు కాబట్టి అత్తమ్మ పళ్ళెంలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, గిన్నెలో నూనె పెట్టిచ్చింది. మామ కొత్త ధోవతి కట్టుకుని, ఆటోలో ఒక్కడే పోయి పూజ చేసి వచ్చాడు. మేమిద్దరం వంటింట్లో గారెలు వేస్తున్నాం. సాయంత్రం అందరికీ జమ్మి ఆకు పంచాడు. పండుగ బాగా జరిగింది.

రెండు రోజుల తర్వాత మెకానిక్ వచ్చి చక్రాలు బిగించి కారు ఇచ్చాడు. హబ్బు మీద బొట్టు చూసి దండం పెట్టుకున్నాడట. ఆదివారం పొద్దున నేను, మామ ఎల్లారెడ్డి రోడ్డు మీదికి పోయాం. అత్తమ్మ వాకిట్లో నిలబడి చూసింది. ఊరు దాటేదాకా నెమ్మదిగా పోయాను, చిన్న చిన్న బ్రేకులకు బాగానే ఆగింది. రోడ్డు ఖాళీగా ఉన్నచోట కొంచెం వేగం పెంచి, స్టీరింగును తిన్నగా పట్టుకుని, గట్టిగా తొక్కాను.

కారు ఎడమకు గుంజింది.

మక్కలు, అంటే మొక్కజొన్న గింజలు, ఆరబోసే కాలం. రోడ్డు సగం దాకా పసుప్పచ్చగా పరిచి ఉన్నాయి. కారు ముందు చక్రం అందులోకి పోయి, జారి, మక్కలను రెండు పక్కలా చిమ్మి ఆగింది. చెట్టు కింద కూర్చున్న ఒకామె లేచి పరుగెత్తుకొచ్చింది. ఆమె తిట్టిన తిట్లు న్యాయమైనవే. నేను దిగి, కొంగు బిగించి, ఆమె చీపురు తీసుకుని మక్కలు కుప్ప చేశాను. నాకు ఏడుపు వస్తోంది. నెలన్నర పని, అంత ఆశ, చివరికి ఇదే బండి, ఇదే ఎడమ. తల ఎత్తి చూస్తే మామ కారుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆయన ముఖం చూశాను. మోకాలి నొప్పి వచ్చినప్పటి నుంచి ఆ ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు.

“నేను చెప్పలే? ఎన్ని మార్చినా దాని గుణం పోదు” అని, తిరుగుదారిలో ఎంతో ప్రేమగా మళ్ళీ రెండు వేళ్ళ పాఠం మొదలుపెట్టాడు.

కారు వాకిట్లో పెట్టి, అటు నుంచి అటే ఆటో ఎక్కి మెకానిక్ ఇంటికి పోయాను. నీ పనిలో ఏదో లోపం ఉందన్నాను. అంతకంటే గట్టిగానే అన్నాను. అతనికి పౌరుషం వచ్చింది. అన్నం తినబోతున్నవాడు చెయ్యి కడుక్కుని, సామాన్ల సంచీ తీసుకుని నాతోనే వచ్చాడు. అంత గుంజుతుంటే ఏదో ఒక చక్రం సరిగా పట్టడం లేదని, చూస్తే తెలిసిపోతుందని అన్నాడు. మామ అక్కర్లేదన్నాడు. బండి సంగతి తనకు తెలుసన్నాడు. మెకానిక్ మొదటిసారి ఆయన మాట వినకుండా జాకీ పెట్టాడు.

ఎడమ చక్రం విప్పితే అంతా శుభ్రంగా ఉంది. కుడి చక్రం విప్పగానే మాడిన నూనె వాసన వచ్చింది. మెకానిక్ ప్యాడ్లు ఊడదీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, నాకు ఇచ్చాడు. నువ్వుల నూనె. అంచుల్లో పసుపు. ప్యాడ్లు నూనె తాగేశాయని, ఆ నూనెకు కుడి చక్రం జారుతోందని, ఎడమది ఒక్కటే పట్టుకోవడంతో కారు అటు పోతోందని చెప్పాడు. డ్రమ్ముకు బయట ఎంత నూనె రాసినా బ్రేకు పాడు కాదు, పని లోపల కాబట్టి. డిస్కుకు మాత్రం రాయకూడదు.

“గిది ఎవరు రాసిండ్రు?” అని అడిగాడు.

మామ గోడ వైపు చూస్తున్నాడు. గడపలో నిలబడ్డ అత్తమ్మ కొంగు సర్దుకుంది.

“నేనే రాసిన. పండుగనాడు” అన్నది.

ఆమె పండుగనాడు ఇల్లు కదల్లేదు. గారెల పిండి పట్టుకుని నా పక్కనే ఉంది. ఆ షెడ్డు ఏ రోడ్డులో ఉందో కూడా ఆమెకు తెలియదు. ఆ సంగతి నాకు తెలుసు, మామకు తెలుసు, మెకానిక్‌కూ అర్థమైంది. అతను తల వంచుకుని, పర్వాలేదు చిన్నమ్మా, ప్యాడ్లు మారిస్తే అయిపోతుంది అన్నాడు. మామ లోపలికి పోయి పడుకున్నాడు.

నూనె రాసినందుకు నాకు కోపం రాలేదు. పూజలో ఎవరైనా చేసే పని అది, నేనున్నా చేసేదాన్నేమో. కానీ ఆ పడుకోవడం చూస్తే ఒళ్ళు మండిపోయింది. మక్కల్లో పడ్డప్పుడు అంత వెలిగిన ముఖం, పెళ్ళాం నింద మీదేసుకుంటుంటే గోడ వైపు తిరిగిపోతుందా? వంటింట్లోకి పోయి నా పని నేను మొదలుపెట్టాను. అత్తమ్మ వచ్చి నా చేతిలో గిన్నె తీసుకుంది.

“గిన్నెలేం జేసినయి బిడ్డా, వాటినెందుకు కొడ్తవు? బండి ముచ్చట్ల ఇంతదాంక మీ మామకు తప్పు వట్టినోడు లేడు. ఇయ్యాల గా పిలగాని ముంగట పట్టిచ్చుకోమంటవా?”

ఆమె చేసింది తప్పని నాకు అప్పటికీ అనిపిస్తూనే ఉంది, ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ ఆమె ముఖం చూసి ఆ మాట అనడం నా వల్ల కాలేదు.

కొత్త ప్యాడ్లు వచ్చేదాకా మళ్ళీ బస్సే. మామ ఆ రోజుల్లో నాతో పెద్దగా మాట్లాడలేదు. ఆదివారం కారు కడగలేదు. అన్నం దగ్గర అత్తమ్మ కూర వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టి, తానే గరిటె తీసుకునేవాడు. ఆమె చేత కూర కూడా వడ్డించుకోకుండా ఇదేం పంతమని మా ఆయన అనుకున్నాడు. అది పంతం కాదని, ఆమె ముందు సిగ్గని నాకు తెలుసు, కానీ నేను కూడా పంతంలోనే ఉన్నాను. ప్యాడ్లు వచ్చాక మెకానిక్ డిస్కును పెట్రోలుతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది, కొత్తవి బిగించాడు. ఈసారి తానే నడిపి చూసి, తిన్నగా ఆగుతోందని చెప్పి పోయాడు.

సోమవారం పొద్దున బడికి కారులో బయల్దేరాను. మామ అడగకుండానే వచ్చి పక్కన కూర్చున్నాడు. నేను వద్దనలేదు, రమ్మనలేదు. ఊరు దాటాం. ఇద్దరం రోడ్డునే చూస్తున్నాం. లింగంపేట ఇంకా రాకముందే ఒక మేకల మంద రోడ్డు ఎక్కింది. నేను బ్రేకు తొక్కాను. తొక్కగానే నా చేతులు, నన్ను అడగకుండానే, స్టీరింగును కుడికి రెండు వేళ్ళంత తిప్పేశాయి.

కారు ఇక గుంజడం లేదు కదా. చేతులు ఎటు తిప్పితే అటే పోయింది. రోడ్డు నడిమధ్యకు పోయాం. ఎదురుగా లారీ పెద్ద హారను కొట్టుకుంటూ వస్తోంది. ఎట్లా తిప్పానో తెలియదు, ఇవతలికి తెచ్చి పక్కకు ఆపాను. లారీ గాలి కారును ఊపి పోయింది. మేకల కాపరి ఇదంతా చూడకుండా మేకలను తోలుకుపోయాడు.

డాష్‌బోర్డును పట్టుకున్న చెయ్యి మామ నెమ్మదిగా తీశాడు.

“నేను నేర్పింది మర్చిపో బిడ్డా. తిన్నగ పట్టు. ఇగ దానికి నా చెయ్యి అక్కర లేదు.”

సరే అన్నాను. ఇంజన్ ఆపే ఉంది. ఆయన ఇంకేదో చెప్పాలని ఉన్నట్టు కూర్చున్నాడు.

“నూనె మీ అత్త రాయలే. నేనే రాసిన.”

నాకు తెలుసు మామా అన్నాను.

“బొట్టు వెట్టినంక గిన్నెల నూనె మిగిలింది. కొత్తగ వెట్టిన ఇనుము, రెండు దినాలు వాన జల్లుకు ఉంటది, తుప్పు వడ్తదని పళ్ళెం చుట్టూత రాసిన. ఎడమ దిక్కు గోడకు ఆనుకొని ఉండె, చెయ్యి పోలే. లేకుంటే దానికీ రాస్తుంటి. తెల్వకనే జేసిన. ఒట్టు.”

మీరు తెలిసి చేశారని నేను అనుకోలేదు మామా అన్నాను. నిజంగానే అనుకోలేదు.

ఆయన తల అడ్డంగా ఊపాడు. అది కాదు తాను చెప్తున్నది అన్నట్టు. తర్వాత ముందు అద్దంలోంచి రోడ్డునే చూస్తూ అన్నాడు.

“బండి ఎడమకు గుంజంగనే నాకు సంబురమైంది. నువ్వు మక్కలల్ల పడ్డవు, నీ కండ్లల్ల నీళ్ళున్నయి. నేను సూసిన. సూసుకుంటనే సంబురపడ్డ. గా మక్కల జాగల గుంత ఉన్నా గట్లనే సంబురపడుతుంటినేమో. గప్పటి సంది నాకు నిద్ర వడ్తలేదు.”

నేను ఆయన ముఖంలో చూసింది నిజమేనన్నమాట. నిజమేనని తెలిసి కోపం ఇంకా పెరిగింది. ఇంత మాట దాచుకోకుండా చెప్పిన మనిషి మీద జాలీ వేసింది. రెండూ ఒక్కసారే వచ్చాయి, ఏది ముందో తెలియలేదు. ఆ రెంటినీ పక్కన కూర్చోబెట్టుకుని ఎల్లారెడ్డి దాకా నడపడం నా వల్ల కాదనిపించింది.

“ఇయ్యాల దిగుండ్రి మామ” అన్నాను.

ఆయన నా వైపు ఒకసారి చూసి, తలుపు తీసుకుని, మోకాలు పట్టుకుని దిగాడు. కామారెడ్డి బస్సు అక్కడ చెయ్యెత్తితే ఆగుతుంది. నేను ఒక్కదాన్నే పోయాను. దారి పొడుగునా బ్రేకు తొక్కినప్పుడల్లా నా చేతులను నేనే అదిమి పట్టుకున్నాను. కారు తొక్కినచోటల్లా తిన్నగా ఆగింది. బడికి చేరేసరికి ప్రార్థన గంట ఇంకా కొట్టలేదు. పెద్దసారు గడియారం చూడలేదు. నేను ఎన్నేళ్ళుగానో అనుకున్నది అదే, కానీ ఆ పూట నాకు అందులో సంతోషం దొరకలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ముఖం తేటగా ఉంది. మామ ఆమెకు ఏం చెప్పాడో నేను అడగలేదు. మెకానిక్ షెడ్డుకు కూడా పోయి నిజం ఒప్పుకుని వచ్చాడని తర్వాత ఆ మెకానిక్కే చెప్పాడు.

మర్నాడు పొద్దున నేను సంచీ పట్టుకుని బయటికి వచ్చేసరికి మామ కారు పక్కన నిలబడి ఉన్నాడు. తల దువ్వుకుని, తెల్ల అంగీ వేసుకుని, ఎడమ తలుపు తీసి పట్టుకుని ఉన్నాడు. కానీ ఎక్కలేదు. సొంత కారు ఎక్కడానికి నా మాట కోసం అట్లా నిలబడ్డాడు. గెలిస్తే ఇట్లా ఉంటుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే బస్సులోనే పోయేదాన్ని.

“ఎక్కుండ్రి మామ, ఆలస్యమైతుంది” అన్నాను.